పడమటి వైపు తడి గోనె

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం కింది అంతస్తు అమ్మాయి మా తలుపు కొట్టింది. ముఖమంతా చెమట.

"ఆంటీ, జర కిందికొస్తరా? మా పిట్టలు నోర్లు తెరుసుకొని కూసున్నయి."

పాప పుట్టినరోజుకు కొన్న లవ్ బర్డ్స్ అవి. రెండు పచ్చవి, ఒకటి నీలిది. హైవే వైపు బాల్కనీలో, పడమటి ఎండకు ఎదురుగా పంజరం వేలాడుతోంది. నీడ ఉంటుందని దాని చుట్టూ నాలుగు వైపులా మందపాటి దుప్పటి కప్పారు. దుప్పటి ఎత్తగానే లోపలి వేడి ముఖానికి కొట్టింది. మూడు పిట్టలూ రెక్కలు ఒంటికి ఆనకుండా ఎడంగా పట్టుకుని, ముక్కులు తెరిచి, గొంతులు ఎగరేస్తున్నాయి.

దుప్పటి మొత్తం లాగేసి, "ఒక గోనె సంచి తెప్పియ్యి" అన్నాను.

ఆ అమ్మాయి వాచ్‌మన్‌ను పంపింది. అతను రెండు సంచులు తెచ్చాడు. రెండూ ప్లాస్టిక్‌వే. మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో అడిగారు. పసుపు మార్కెట్‌కు కూతవేటు దూరంలో ఉన్న అంత పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఒక్క గోనె సంచి దొరకలేదు. చివరికి నూలు తువ్వాలు తడిపి, పిండి, పంజరానికి పడమటి వైపు మాత్రమే కట్టాను. మిగతా మూడు వైపులూ గాలికి వదిలేశాను. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. ఒక్క వాసనే తక్కువైంది. తడి గోనె వాసన. ఆ వాసనతోనే నా చిన్నతనపు ఎండాకాలం మొదలయ్యేది.

మా వాడ అప్పట్లో మార్కెట్ యార్డు వెనక ఉండేది. ఎండాకాలం వచ్చేసరికి ఊరంతా పసుపే. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములు బండ్ల మీద వచ్చేవి. గాలి వీస్తే కళ్లలో పసుపు, అన్నంలో పసుపు, ఆరేసిన బట్టల మీద పసుపు. ఊరి పక్కన గుట్ట రాళ్లు పగలంతా ఎండను తాగి, పొద్దు గూకినాక కక్కేవి. మధ్యాహ్నం కాకి కూడా అరిచేది కాదు.

మా బాపు యార్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. అమ్మ బీడీలు చేసేది. మా ఇంటికీ పక్కింటికీ నడుమ గోడ లేదు, ఒకటే వాకిలి. పక్కింటావిడ మాకు చుట్టం కాదు గానీ పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. ఆమె భర్త దుబాయిలో ఉండేవాడు. నిజానికి ఆయన ఉన్నది మస్కట్‌లో. కానీ సముద్రం దాటిన చోటు ఏదైనా మా వాడకు దుబాయే. ఆయనను పెద్దబాపు అనేవాళ్లం. ఇంట్లో పెద్దమ్మ, ఆమె అత్త ముసలవ్వ, ఇరవైకి పైగా లవ్ బర్డ్స్.

పిట్టలు పెద్దబాపువి. పాస్‌పోర్టు పని మీద పట్నం పోయినప్పుడు పాతబస్తీలో నాలుగు పిట్టలను చూసి మనసు ఆగక తెచ్చుకున్నాడట. వాకిట్లో వేపచెట్టు కింద మనిషి ఎత్తు ఇనప తీగల జాలీగది కట్టాడు. పైన రేకులు, లోపల మోదుగు కొమ్మలు, మూతులు పక్కకు తిప్పి కట్టిన చిన్న చిన్న కుండలు. ఆ కుండల్లోనే నాలుగు పిట్టలు ఇరవై అయ్యాయి. అవి ఇరవై అయ్యేసరికి ఆయన దుబాయి పోయాడు.

ఉత్తరాలు రాసే అలవాటు ఆ ఇంట్లో లేదు. మాటలన్నీ క్యాసెట్లలోనే వచ్చేవి. వాడలో ఎవరైనా సెలవు మీద వస్తే వాళ్ల చేత ఒక క్యాసెట్ పంపేవాడు. టేప్‌రికార్డర్ చుట్టూ వాకిలంతా కూర్చునేది. పెద్దబాపు గొంతు ముందు గరగరమని, తర్వాత సాఫుగా వచ్చేది.

"పిట్టలు మంచిగున్నయా? అవ్వ మంచిగున్నదా? నువ్వు మంచిగున్నవా?"

ఆ వరస విని ముసలవ్వ ఊరుకునేది కాదు. "చూసిండ్రా? ముందుగాల పిట్టలు, ఎన్క నేను. పెండ్లాం ఆఖర్కి. వీన్ని నేను గనలే, పిట్టలే గన్నయి."

పెద్దమ్మ తల ఎత్తకుండా బీడీ ఆకు కత్తిరిస్తూ, "నేను లెక్కలన్న ఉన్న, అత్తా. గది చాలు" అనేది.

ఆమె మాట తక్కువ మనిషి. ముక్కు మాత్రం గొప్పది. బీడీల్లో నింపే తంబాకు, అదే పొగాకు, పొట్లం విప్పకుండానే కొత్తదో పాతదో చెప్పేది. వాడ చివర ఎవరింట్లో పప్పు అడుగంటినా ఇక్కడ కూర్చుని పేరు చెప్పేది. మాకు ఆ ముక్కు లేదు. తంబాకు ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకు తంబాకు వాసనే తెలియదు. చేప నీళ్లను ఎరగనట్టు.

ఆయన దుబాయి పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం పెద్దమ్మకు పిట్టల సంగతి ఏమీ తెలియదు. తెలిసిందల్లా ఆకు సంగతి. బీడీ ఆకును ముందు నీళ్లలో ముంచి, వార్చి, తడి గోనెలో గట్టిగా చుట్టి పెడతారు. లేకపోతే కత్తిరించేటప్పుడు విరిగిపోతుంది. వడగాలి మొదలైన రోజు పిట్టలు నోళ్లు తెరవగానే ఆమె చేతికి వచ్చిన విద్యే చేసింది. నాలుగు తడి గోనెలు తెచ్చి, ఆకు మూటను చుట్టినట్టు ఆ గదిని చుట్టూ మూసేసింది. మంచి పని చేశామని అందరం అనుకున్నాం.

గడియ తర్వాత ఎందుకో లేచి వెళ్లి గోనె ఎత్తింది. లోపల ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి. పిట్టలు నేల మీదికి దిగి మూలకు ఒరిగి ఉన్నాయి. ఆమె మూడు వైపుల గోనెలు ఒక్క లాగుడుకు లాగేసింది. కొంగు తడిపి ఒక్కొక్క పిట్ట కాళ్లకు అద్దింది. ఒంటి మీద నీళ్లు పోయలేదు. అవి తేరుకునే దాకా అక్కడే కూర్చుంది. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఆకు ఊపిరి తీసుకోదు. పిట్ట తీసుకుంటది. గీ మాట నాకు తోచకపాయె."

ఎవరూ నేర్పకుండా, ఏ పుస్తకమూ చదవకుండా ఆ మనిషి తనంతట తాను నేర్చుకున్న తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఎండ ఏ గడియలో ఎటు నుంచి వస్తుందో నేల మీద బొగ్గుతో గీతలు గీసుకుంది. వడగాలి పడమటి నుంచి వస్తుంది కాబట్టి గోనె పడమటి వైపే. తూర్పు, ఉత్తరం, దక్షిణం గాలికి. పైరేకుల మీద గడ్డి పరిచి, దాని మీద నీళ్లు చల్లేది. నీళ్లకు మట్టి మూకుళ్లు, రోజుకు మూడుసార్లు మార్పు. కొర్రలు పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మళ్లీ పొద్దు వాలినాక. మధ్యాహ్నం దోసకాయ ముక్క, కొత్తిమీర కాడలు. తడి ఉన్న చోటికి చల్లదనం వెతుక్కుంటూ పాము వస్తుందని జాలీ అడుగున సందు లేకుండా రాళ్లు పేర్చింది.

గోనె తడపడం ఆమె నాకు నేర్పింది. బకెట్లో ముంచి, ఎత్తి, సగం పిండాలి.

"ఎక్కువ తడిస్తె బరువై గాలిని ఆపుతది. తక్కువ తడిస్తె గడియల ఎండుతది. ఆకు లెక్కనే బిడ్డా. తడవాలె గని నానొద్దు."

"ఎంత పిండాలె పెద్దమ్మా?"

"నీ చెయ్యికి తెలుస్తది. తెలిసేదాంక పిండు."

గోనెలు బాపు యార్డు నుంచి తెచ్చిన పాత పసుపు సంచులు. తడిపినప్పుడల్లా పసుపు నీళ్లు కారేవి. కింద పెట్టిన ఇత్తడి తాంబాళంలో ఒక్కొక్క చుక్క టప్పుమని పడేది. పిట్టలు ఆ గోనెకు ఒళ్లు రుద్దుకునేవి. తెల్ల పిట్ట ఒకటుండేది, వారానికి దాని రొమ్మంతా పచ్చబడింది.

దాన్ని చూసి ముసలవ్వ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వేది. "ఏం పెండ్లి ముచ్చటే నీది! నలుగు బెట్టుకొని కూసున్నవ్, పిలగాడు ఏడున్నడు?"

ఆ నీడ మా అందరికీ పనికొచ్చింది. మధ్యాహ్నం బీడీల చాటలు అక్కడికే చేరేవి. వేపపూలు చాటల్లో రాలేవి. గోనె మీదుగా వచ్చే గాలిలో మట్టి, పసుపు, జనపనార కలిసిన వాసన. ముసలవ్వ మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్కలో సల్ల పోసి, ఉప్పు వేసి, పచ్చి ఉల్లిగడ్డతో ఇచ్చేది. నేను పిట్టల కొర్రలు పిడికెడు దొంగిలించి నమిలేదాన్ని. ముసలవ్వ చూస్తే, "పిట్టల తిండి తింటె పెయ్యి మీద ఈకలు మొలుస్తయి" అని బెదిరించేది. కొన్ని రోజులు పొద్దున్నే చేతులు చూసుకున్నాను కూడా.

అవి చల్లబడితే మొత్తం గుంపు ఒకేసారి కిచకిచలు మొదలుపెట్టేది. ఎండకు ఊరంతా నోరు మూసుకున్న వేళ ఆ ఒక్క వాకిట్లో సంత జరుగుతున్నట్టుండేది.

ఆ రోజుల్లోనే కొత్త క్యాసెట్ వచ్చింది. పెద్దబాపు గొంతు ఈసారి నీరసంగా ఉంది.

"ఈడ ఎండ మన ఎండ లెక్క కాదు. గది నిండ మంచాలే. డ్యూటీకెల్లి వచ్చి పంటె నిద్ర పట్టది. చెట్టు లేదు, పిట్ట లేదు. ఒక్క ముచ్చట అడుగుత, నవ్వకుండ్రి. క్యాసెట్‌కు ఒక బాజు, ఒక పక్క మొత్తం పిట్టల సప్పుడు నింపి పంపుండ్రి. ఈ క్యాసెట్ తెచ్చినోడు సెలవైనంక మల్ల ఈడికే వస్తడు, వాని చేతికియ్యుండ్రి."

ఎవరూ నవ్వలేదు. ముసలవ్వ కూడా.

పెద్దమ్మ ఆ సాయంత్రమే టేప్‌రికార్డర్‌కు కొత్త సెల్లులు తెప్పించింది. క్యాసెట్ తెచ్చిన మనిషి తిరిగి పోయే శుక్రవారానికి ఇంకా వారం ఉంది. "బుధారం పొద్దుగాల్ల నింపుదాం, గప్పుడైతె బస్సుల లొల్లి ఉండది" అంది.

మంగళవారం మధ్యాహ్నం పెద్దమ్మా మా అమ్మా బీడీల కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయారు. ముసలవ్వ లోపల కునుకు తీస్తోంది. పోతూ పెద్దమ్మ, "పోరీ, గోనె ఎండితె తడుపు" అని నాకు చెప్పింది. అంత పెద్ద పని నా ఒక్కదాని చేతిలో పెట్టడం అదే మొదటిసారి. పొంగిపోయాను.

ఆ రోజు వడగాలి జోరు మీదుంది. గోనె రెండుసార్లు తడిపాను. మూడోసారి పిండుతుంటే పాత గోనె నిలువునా చినిగింది. పసుపు సంచులు ఇంకేమీ లేవు. కొట్టం మూలలో మేకుకు ఒక గోనె వేలాడుతోంది. కార్ఖానా నుంచి మా వాడ అందరికీ కలిపి తంబాకు ఒకే సంచిలో వచ్చేది, పెద్దమ్మ ఇంట్లో పంచుకునేవాళ్లు. పంచుకున్నాక మిగిలిన ఖాళీ సంచి అది. నాకు అది ఒక గోనె మాత్రమే. ముంచాను, సగం పిండాను, పడమటి వైపు కట్టాను. కారే చుక్కలు పసుపుగా కాక, గోధుమరంగులో పడ్డాయి. తాంబాళం నిండితే ఆ నీళ్లలో పిట్టలు ఆడుకుంటాయని దాన్ని కూడా జాలీ లోపలికి జరిపాను. వాసన ఏమీ తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది?

పెద్దమ్మ మాత్రం సందు మలుపులోనే పసిగట్టింది. చెప్పులు వాకిట్లో ఒకటి, బయట ఒకటి వదిలి పరుగెత్తుకొచ్చింది. గోనె పీకి అవతలికి విసిరింది. తాంబాళం ఎత్తి సందులో కుమ్మరించింది. అప్పుడు చూశాను. కొమ్మల మీద ఒక్క పిట్ట లేదు. నేల మీద కొన్ని తూలుతున్నాయి, కొన్ని వణుకుతున్నాయి. తెల్ల పిట్ట, అదే పెండ్లికూతురు, వెల్లకిలా పడి ఉంది.

ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "కడవల మంచినీళ్లు తే. ఉరుకు" అంది అంతే. బతికినవాటిని కొంగులో వేసుకుని ఆకులు దాచే చీకటి గదిలోకి తీసుకుపోయింది. మట్టి గోడలు, పేడ అలికిన నేల, ఇంటి మొత్తంలో చల్లని చోటు అదే. ఒక్కొక్క పిట్ట ముక్కు తుడిచి, వేలి కొసతో చుక్క నీళ్లు పట్టింది. నేను దీపం పట్టుకున్నట్టు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. పొద్దు గూకేసరికి ఆరు పోయాయి. మిగిలినవి కళ్లు మూసుకుని ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి.

ముసలవ్వ గడప మీద కూర్చుని మెల్లగా అంది. "వాడు అడగక అడగక ఒక్కటి అడిగిండు."

బుధవారం పిట్టలను మళ్లీ జాలీలోకి వదిలింది. అవి గింజలు కొరికాయి గానీ గొంతు విప్పలేదు. పెద్దమ్మ బాపు చేత నాలుగు పసుపు సంచులు తెప్పించి, ఉతికి ఎండేసింది. గురువారం కూడా అంతే. కిచకిచమన్న శబ్దం లేదు. శుక్రవారం తెల్లవారినప్పటి నుంచి, దుబాయి పోయే ఆ మనిషి గడియకొకసారి కబురు పంపుతున్నాడు, క్యాసెట్ ఇవ్వమని.

పెద్దమ్మ టేప్‌రికార్డర్‌ను జాలీ పక్కన స్టూలు మీద పెట్టింది. వేలు పెదవి మీద పెట్టి మా అందరి వైపు చూసింది. ఎర్ర మీట నొక్కింది. చక్రాలు తిరుగుతున్నాయి. పిట్టలు మౌనంగా కొమ్మ మీద. ఆమె ఆగింది, ఆగింది, ఆఖరికి తనే మాట్లాడింది.

"ఇగో, ఇంటున్నవా? ఆరు పిట్టలు పోయినయి. తెల్లది గుడ పోయింది. మతిలేక తంబాకు సంచి తడిపి కట్టిన. నా చేత్తోనే పోయినయి. ఉన్నయి మంచిగున్నయి గని పాడుతలెవ్వు. నువ్వడిగింది ఇయ్యలేకపోతున్న."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. మీట నొక్కి ఉన్నప్పుడు మాట్లాడకూడదన్నది ఆ వాకిట్లో చట్టం. ఆ చట్టం వెనక దాక్కున్నాను. నేను కట్టిన సంచి అని ఒక్క మాట అంటే క్యాసెట్లోకి ఎక్కేది. అనలేదు.

ఆమె మీట ఆపలేదు. బాజు నిండాలని అడిగాడు కదా, నిండనిచ్చింది. లేచి పడమటి గోనె తడిపి కట్టి, తన చాట ముందు కూర్చుంది. మా అమ్మ కత్తెర కిచకిచ, వేపకొమ్మ గాలి, తాంబాళంలో చుక్కలు, ముసలవ్వ దగ్గు. చివర్లో ఒకే ఒక్క పిట్ట రెండుసార్లు కిచ్‌మంది. టక్కున మీట లేచింది. బాజు అయిపోయింది.

జవాబు వానలు పడినాక వచ్చింది. పెద్దమ్మ టేపు పెట్టి, వినడానికి ఇష్టం లేనట్టు దూరంగా కూర్చుంది.

"ఏమే, తంబాకు సంచి నువ్వు కడుతవా? తోవల పోయేటోని జేబుల ఏం బీడీ ఉందో చెప్పే ముక్కు నీది. నాకెరుక లేదా? ఎవలో పిల్లలు కట్టి ఉంటరు. కొట్టకు."

వాకిట్లో అందరూ నా వైపు చూశారు. పెద్దమ్మ ఒక్కతే చూడలేదు.

"ఇగ పిట్టలు పాడలేదని ఫికర్ జెయ్యకు. నువ్వు గోనె కట్టినంక సుక్కలు పడ్డయి జూడు, టప్పు టప్పుమని. గది వింటుంటె మా గది మొత్తం సల్లగైనట్టైంది. డ్యూటీకెల్లి రాంగనే 'అన్నా, మీ ఇంటి నీళ్లు పెట్టు' అంటున్నరు అందరు. మేం సుత పడమటి కిటికీకి ఒక సంచి కట్టినం. ఒక్క బాజుకే. నువ్వు పిట్టలకు కట్టినట్టు."

పెద్దమ్మ చాట ఎత్తుకుని లోపలికి పోయింది. చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

తర్వాతి ఏడు పెద్దబాపు సెలవు మీద వచ్చాడు. జాలీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. అప్పటికి కుండల్లో కొత్త పిల్లలు. అందరికీ ఏదో ఒకటి తెచ్చాడు. నా చేతిలో పెన్సిల్ రాత చెరిపే గులాబీరంగు సెంటు రబ్బరు పెట్టి, నవ్వకుండా అన్నాడు.

"ఏం వాసనో చెప్పు సూద్దాం. తెలుస్తుందా?"

చెప్పాను. తల నిమిరి పోయాడు. అంతకు మించి ఆ సంగతి మా నడుమ ఎప్పుడూ రాలేదు. నేనూ ఎత్తలేదు. నిజం రాయడమే పనిగా నలభై ఏళ్లు పేపర్లో గడిపినా, ఆ ఒక్క వాక్యం ఎక్కడా రాయలేదు.

ఇప్పుడా వాకిలి లేదు. ఆ వాడ మీద దుకాణాలు లేచాయి. పెద్దమ్మా లేదు. ఆమెను ఎవరూ పిట్టల గురించి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే "ఏమున్నది, ఒక గోనె" అనేది.

కింది అంతస్తు బాల్కనీలో ఆ రోజు నేను తువ్వాలు కట్టి, దాని కింద స్టీలు పళ్లెం పెట్టాను. పిట్టల కాళ్లకు తడి అద్దాను. ఆ అమ్మాయి, పాప నా పక్కన నేల మీద కూర్చున్నారు. కొద్దిసేపటికి నీలిది ముక్కు మూసింది. తర్వాత పచ్చవి. రెక్కలు ఒంటికి చేరాయి.

"ఆంటీ, గిదంత మీకెవలు నేర్పిండ్రు?" అంది ఆ అమ్మాయి.

పళ్లెంలో చుక్క పడింది. ఏ ఎర్ర మీటా నొక్కి లేదు.

"మా పెద్దమ్మ" అన్నాను. "నేనొకసారి ఆమె పిట్టలకు తంబాకు సంచి కట్టిన. ఆమె తన మీదేసుకుంది. మొత్తం చెప్త, కూసోండ్రి."